కన్నోళ్లెవరో తెలుసుకోవాలంటే: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్తే. నల్లగొండ, పాలమూరు ఉమ్మడి జిల్లాల శ్రోతలకు స్వాగతం. చిన్నప్పుడు దత్తతకు పోయి ఇప్పుడు పెద్దోళ్లయినవాళ్ల గురించి ఇయ్యాల మాట్లాడుకుందాం. స్టూడియోలో దత్తత కేసులు చూసే కౌన్సెలర్ మేడం, కుటుంబ కేసులు వాదించే న్యాయవాది సార్ ఉన్నరు. కాల్ చేసేటోళ్లు పేరు చెప్పకండి, ఊరు చెప్తే చాలు. మొదటి కాల్ మిర్యాలగూడ నుంచి.

కాలర్ (మిర్యాలగూడ): నమస్తే మేడం. నాకు ఇరవై ఏడేండ్లు. పాస్‌పోర్టు కోసం బీరువాల కాయితాలు తీస్తుంటే పాత కోర్టు ఆర్డర్ కనపడ్డది. హైదరాబాద్‌ల ఒక సంస్థ నుంచి నన్ను తెచ్చుకున్నరంట. నాకు తెలిసిందని ఇంట్ల ఇంకా తెల్వదు. కన్నతల్లి ఎవరో తెలుసుకోవాలె. ఏడ మొదలువెట్టాలె?

కౌన్సెలర్: ఆ ఆర్డర్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉందమ్మా?

కాలర్: ఫోన్ల ఫొటో తీసుకొని మళ్ల ఆడనే పెట్టిన.

కౌన్సెలర్: మంచి పని చేసినవ్. ఫొటోలో మూడు సంగతులు చూసి నోట్‌బుక్కుల రాసుకో. ఓపీ నంబరు అంటే కోర్టు కేసు నంబరు, సంవత్సరం. ఏ కోర్టు. పిల్లను అప్పగించిన సంస్థ పేరు. ఈ మూడు ఉంటే కోర్టు కాపీయింగ్ సెక్షన్‌ల సర్టిఫైడ్ కాపీకి పెట్టుకోవచ్చు. నంబరు లేకుండా పోతే రికార్డు రూంల ఎవ్వరు వెతికిపెట్టరు. ఇంకోటి, 2016 అక్టోబరుల జిల్లాలు విడిపోయినయి, నారాయణపేట 2019ల వచ్చింది. ఇప్పుడు నువ్వు సూర్యాపేటల ఉన్నా, వనపర్తిల ఉన్నా పాత కాయితం పాత జిల్లా కేంద్రంలనో, ఆర్డర్ ఇచ్చిన హైదరాబాద్ కోర్టులనో ఉంటది. దగ్గరి ఆఫీసుకు పోయి "లేదు" అనిపించుకొని తిరిగొచ్చినోళ్లు చానమంది.

ఇగ వెతుకుడు సంగతి. దీన్ని రూట్ సెర్చ్ అంటరు. 2022 దత్తత నిబంధనల ప్రకారం పద్దెనిమిదేండ్లు నిండినోళ్లు సొంతంగా ఆన్‌లైన్ల సెంట్రల్ అడాప్షన్ రిసోర్స్ అథారిటీకి, అంటే కారాకు, అప్లై చేసుకోవచ్చు. అమ్మానాన్నల సంతకం అక్కర లేదు. పద్దెనిమిది లోపలుంటేనే వాళ్లతోని కలిసి పెట్టుకోవాలె. మీ సంస్థ మూతపడ్డదనుకో, అంతటితోని దారి బందు కాదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం, రాష్ట్ర దత్తత ఏజెన్సీ, కారా, వీళ్లల్ల ఎవరిని అడిగినా సాయం చేయాల్సిందే. వెతకకముందు కౌన్సెలింగ్ చేస్తరు. దాన్ని తప్పించుకోకు.

కాలర్: అప్లికేషన్ పెడితే అడ్రస్ చెప్తరా మేడం?

కౌన్సెలర్: అన్నిసార్లు చెప్పరు. తల్లి తనే అప్పగించినట్టు ఫైలుల ఉండి, పేరు బయట పెట్టొద్దని అప్పుడే కోరి ఉంటే, ముందు ఆమెను కలిసి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలె. ఆమె వద్దన్నా, దొరకకపోయినా, ఎందుకు, ఏ పరిస్థితిల అప్పగించిందో నీకు చెప్పాల్సిందే. అది నీ హక్కు. ఆమె ఇల్లు ఏడుందో మాత్రం ఆమె ఇష్టం. వదిలేసిన పిల్లవని ఉంటే ఏడ దొరికినవ్, సంస్థకు ఎట్ల వచ్చినవ్, ఏ పద్ధతిల దత్తత అయింది, అంతవరకు తెలుస్తది.

నీ తరఫున ఇంకొకరు వెతుకుడు నిబంధనల నడవదు. పైసలిస్తే తల్లిని చూపిస్త అనేటోడు దొరికితే ఫోన్ పెట్టెయ్యి.

ఫైలు తెరిచే రోజు గురించి కూడ చెప్త. దారం ట్యాగు వేసిన పలుచటి అట్ట ఫైలు ఉంటది. కొన్నింట్ల ఎనిమిదో పదో కాయితాలకు మించి ఉండయి. ఒక కాడ బరువు రాసి ఉంటది, కిలో ఎనిమిది వందలు అన్నట్టు. పేరు సంస్థల పనిచేసే ఆయమ్మ పెట్టింది కావొచ్చు. పుట్టిన తేదీ డాక్టర్ అంచనా వేసి రాసింది కావొచ్చు. కింద అప్పగించినోళ్ల నీలిసిరా బొటనవేలి ముద్ర ఉంటది. అక్షరాలన్ని గబగబ చదివేసి ఆ ముద్ర కాడ ఆగిపోతరు. అందుకే ఒక్కదానివి పోకు. నీతోని కూసునే మనిషిని ముందే అనుకో. మాట్లాడకుండ పక్కన ఉండగలిగేటోళ్లు కావాలె, సలహాలు చెప్పేటోళ్లు కాదు. ఆ రోజు వేరే పని పెట్టుకోకు, బండి నువ్వు నడపకు.

యాంకర్: మేడం, ఆమె పుట్టిన కాలంలనే మన దేవరకొండ దిక్కు దత్తత మోసాలు చాన జరిగినయి కదా?

కౌన్సెలర్: జరిగినయి. 1999ల, మళ్ల 2001ల దత్తత కుంభకోణాలు బయటపడ్డయి. తండాల నుంచి ఆడశిశువులను దళారులు కొన్నరని అప్పుడు తేలింది. ఆ కాలం కాయితాలల్ల "తల్లి స్వయంగా అప్పగించింది" అని రాసి ఉంటే కండ్లు మూసుకొని నమ్మకండి. కాయితం తప్పైతే తల్లిది తప్పయినట్టు కాదు. ఈ మాట ఫైలు చదివే ముందే మనసుల పెట్టుకోవాలె, చదివినంక గుర్తురాదు.

కాలర్: ఇంట్ల చెప్పాల్నా మేడం? అమ్మ తట్టుకోదు.

కౌన్సెలర్: అప్లికేషన్ పెట్టేముందు చెప్తే నీకే లాభం. పండుగపూట వద్దు, చుట్టాలున్నప్పుడు వద్దు, ఫోన్ల అసలే వద్దు. నాలుగు ముక్కల్ల చెప్పు: "నాకు కాయితం కనపడ్డది. నేనెక్కడికి పోను. అయితే నాకు తెలుసుకోవాలని ఉంది. మీకు యాదికున్నది చెప్పండి." మొదటి రోజు "ఎవరు చెప్పిర్రు?" అనే అంటరు, లేదంటే ఏడుస్తరు. భయం అది. జవాబుకు వారం పదిరోజులు ఆగు. తర్వాత అడుగు, ఏ నెలల తెచ్చుకున్నరు, నన్ను చేతికిచ్చింది ఎవరు, ఏ బట్టల ఉన్న. ఇవి ఫైలుల దొరకని సంగతులు. సాదినోళ్లకు తప్ప ఎవ్వరికి తెల్వయి.

యాంకర్: తర్వాతి కాల్, కల్వకుర్తి.

కాలర్ (కల్వకుర్తి): సార్, నన్ను సాదిన అమ్మకు చెల్లె కొడుకును నేను. మూడేండ్లప్పుడు పెద్దమ్మోళ్లు సాదుకున్నరు. వాళ్లనే అమ్మ, నాయిన అంట. మొన్న నాయిన పోయిండు. తలకొరివి నేనే పెట్టిన. పెద్దకర్మ నాడు నాయిన అన్న కొడుకులు "నువ్వు మావోనివి కాదు, భూమిల నీకేం లేదు" అన్నరు. అప్పటిసంది నిద్ర లేదు సార్, ఇంట్ల అందరి మీద అరుస్తున్న.

న్యాయవాది: తమ్ముడూ, నీకు దత్తత పత్రం ఉందా?

కాలర్: రాసుకోలేదు సార్. దగ్గరోళ్లమే కదా అనుకున్నరు.

న్యాయవాది: మన దిక్కు చాన ఇండ్లల్ల ఇట్లనే ఉంటది. విను. సాదుకునుడు వేరు, దత్తత వేరు. హిందూ దత్తత చట్టం 1956 ప్రకారం పిల్లగాన్ని కన్నోళ్లు చేతుల నుంచి ఇయ్యాలె, తీసుకునేటోళ్లు తీసుకోవాలె. పిల్లగానికి పదిహేనేండ్లు నిండొద్దు. దత్తహోమం తప్పనిసరి కాదు. పత్రం గూడ తప్పనిసరి కాదు, అయితే ఇచ్చినోళ్లు, తీసుకున్నోళ్లు ఇద్దరు సంతకం పెట్టి రిజిస్టర్ చేసిన పత్రం ఉంటే కోర్టు దాన్ని నిజమనే అనుకొని మొదలువెడ్తది. లేకుంటే నిరూపించుకునే భారం మొత్తం నీ మీదనే పడ్తది.

ఇప్పుడు చేయాల్సింది. నిన్ను కన్నోళ్లు బతికున్నరా?

కాలర్: ఉన్నరు సార్.

న్యాయవాది: వాళ్లు, నిన్ను సాదిన అమ్మ, అప్పటి ఊరి పెద్దమనుషులు ఎవరన్న ఉంటే వాళ్లు, ఏ రోజు ఎవరు ఇచ్చిర్రు, ఎవరు తీసుకున్నరు అని లాయర్ దగ్గర చెప్పించు. వయసు మీద పడ్డోళ్లు కాబట్టి ఆలస్యం చెయ్యకు. బడి అడ్మిషన్ రిజిస్టరుల తండ్రి పేరు, పాత రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు నామినీ, పెండ్లి కార్డు అన్ని ఒక సంచిల పెట్టు. మీ నాయిన అన్న కొడుకులు భూమి మార్పిడికి పెట్టుకోకముందే తహసీల్దారుకు రాతపూర్వక అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకో. మీ అమ్మ కూడ వారసురాలే. తన వాటా వీలునామా రాస్తే రాయొచ్చు, ఇద్దరు సాక్షులు ఉండాలె. ఫీజుకు ఇబ్బంది అయితే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పో, లేదా 15100కు కొట్టు. ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతోని పని లేకుండ ఉచితం.

ఒక ముక్క లంబాడోళ్ల కోసం: షెడ్యూల్డ్ తెగలకు ఈ 1956 చట్టం నేరుగా వర్తించదు. తండా ఆచారంల దత్తత ఉందని చూపించాలె. ఇది తెల్వక కేసులు తప్పు పట్టాల మీద పోతయి.

కౌన్సెలర్: తమ్ముడూ, నిద్ర సంగతి నేను చెప్త. నాయిన పోయిన దుఃఖం ఒకటి, "మావోనివి కాదు" అన్న మాట ఒకటి. రెండూ ఒకదాని వెంట ఒకటి మీద పడ్డయి. నువ్వు పెండ్లాం పిల్లల మీద అరుస్తున్నవు గని ఆ కోపం వాళ్ల మీద కాదు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకుంటే మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిల సైకియాట్రీ ఓపీకి పో. నల్లగొండ దిక్కోళ్లకు నల్లగొండల కూడ ఉంది. రాత్రిపూట తట్టుకోలేకపోతే మనసు బాధలకు సాయం చేసే ఫోన్ లైన్ టెలీమానస్ ఉంది, 14416. తెలుగులనే మాట్లాడతరు, పైసా ఖర్చు కాదు. "దత్తత బిడ్డను" అని మొదటి వాక్యంలనే చెప్పు. చెప్పకుంటే భూమి తగాదా అనుకొని దానికే సలహా చెప్తరు.

కాలర్: నాలాంటోళ్లు ఇంకెవరన్న ఉంటరా మేడం?

కౌన్సెలర్: మస్తు మంది ఉన్నరు, ఎవ్వరు బయటికి చెప్పరంతే. నలుగురైదుగురు దొరికినా నెలకొక్కసారి కూసోవచ్చు. గంటన్నర చాలు. అక్కడ విన్నది బయట చెప్పొద్దు, అడగనిది సలహా ఇయ్యొద్దు. సాదిన తల్లిదండ్రులను ఆ కూటమికి తీసుకరావొద్దు, వాళ్లకు వేరేగా పెట్టాలె. అమ్మ ముందట కూసొని ఎవ్వడు నిజం చెప్పడు. "నీ అదృష్టం, మంచి ఇంట్ల పడ్డవ్" అనేటోడు ఒక్కడొచ్చినా మిగతావాళ్లు నోరు మూసుకుంటరు.

యాంకర్: వనపర్తి నుంచి లైన్‌ల ఉన్నరు.

కాలర్ (వనపర్తి): మేడం, నేను గూడ దత్తత బిడ్డనే. నాకిప్పుడు నాలుగో నెల. ఆస్పత్రిల "మీ పుట్టింట్ల షుగర్, బీపీ ఎవరికన్న ఉందా" అని అడిగిర్రు. అత్తమ్మ పక్కనే ఉంది. లేదని చెప్పిన.

కౌన్సెలర్: "లేదు" అంటే డాక్టర్ ఆ గడిల టిక్కు కొట్టి ముందుకు పోతది. సాదిన అమ్మకున్న షుగర్ రాయించుకునుడు కూడ తప్పే. "తెల్వదు" అనాలె. ఈసారి పోయినప్పుడు చీటీ మీద రాసి ఓపీ కార్డుల పెట్టి నర్సుకియ్యి: "దత్తత బిడ్డను, కుటుంబ చరిత్ర తెలియదు, అత్తగారి ముందు మాట్లాడొద్దు." ఒక్కదానివే లోపలికి పోతానని అడగొచ్చు గూడ.

పరీక్షలల్ల రెండు మరువకు. ఒకటి గ్లూకోజ్ పరీక్ష. 75 గ్రాములు నీళ్లల్ల కలిపి తాగిస్తరు, రెండు గంటలకు రక్తం తీస్తరు. 140 లేదా అంతకు మించితే గర్భంల వచ్చే షుగర్. మొదట ఒకసారి చేయించుకొని మామూలుగ వచ్చినా 24 నుంచి 28 వారాల మధ్య మళ్ల చేయించుకోవాలె. రెండోది హెచ్‌పీఎల్‌సీ రక్తపరీక్ష. తలసేమియా, సికిల్ సెల్ అనే కన్నోళ్ల నుంచి వచ్చే రక్తజబ్బులు నీల దాగి ఉన్నయా అని తెలుస్తది. ఉందని వస్తే మీ ఆయనకు కూడ వెంటనే చేయించాలె. ఇద్దరిలో ఉంటే ప్రతి కాన్పుల బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగుల ఒక వంతు. ఇప్పుడు నాలుగో నెల కదా, ఈ వారంలనే అడుగు. నెలలు గడిచిన కొద్ది చేయగలిగేది తగ్గిపోతది.

యాంకర్: చివరి కాల్, దేవరకొండ.

కాలర్ (దేవరకొండ): మేడం, నేను రూట్ సెర్చ్ పెట్టుకున్న. కన్నతల్లి దొరికిందని ఆఫీసుల చెప్పిర్రు. ఆమె ఇంకా ఏమనలేదు. ఊరు పేరు నాకు అర్థమైంది, అడ్రస్ చెప్పలేదు. ఒక్కసారి పోయి దూరం నుంచి చూసొస్తే?

కౌన్సెలర్: వద్దు. తండాల ఒక్క మనిషిని అడిగితే పొద్దుగూకేసరికి అందరికి తెలుస్తది. సర్పంచును, ఆశా వర్కరును, అంగన్‌వాడీ టీచరును అడిగినా అంతే. ఆమెకు ఇప్పుడు మొగడు, పిల్లలు ఉండొచ్చు, నీ సంగతి వాళ్లకు తెల్వకపోవచ్చు. ఆమె అవునన్నా కాదన్నా అది ఆమె నోట ఆఫీసోళ్లకే రావాలె.

ఈలోపు ఏదన్న చేయాలనిపిస్తే ఆమెకు ఒక ఉత్తరం రాయి. ఒక్క పేజీ. పుట్టిన సంవత్సరం, సంస్థ, బతికి బాగున్న అని. భూమి, పైసలు ఏం అడగను అని స్పష్టంగ. ఒకే ఒక ప్రశ్న అడుగు, నాలుగు వద్దు. "ఎందుకు వదిలేసినవ్" అని రాయకు, ఆ మాటకు జవాబు రాసేటోళ్లు ఉండరు. జవాబు ఆఫీసు ద్వారానే పంపమని రాయి, నీ అడ్రస్, ఫోన్ నంబర్ పెట్టకు. ఆమెకు చదువు రాకపోవచ్చు. కౌన్సెలర్ ఒక్కతే చదివి వినిపించాలని పైన రాయి.

కాలర్: నా ఫొటో పెట్టొచ్చా మేడం?

కౌన్సెలర్: చిన్నప్పటిది పెట్టు. ఇప్పటిది ఆమె అడిగినంక పంపుదువు. రెండు కాపీలు తీసి, ఒకటి నీ దగ్గర దాచుకో. పాత ఆల్బంల నుంచి ఒరిజినల్ తీసి పంపకు, ఎన్నో చేతులు మారుతది.