శూన్యంలోంచి కరెంటు వస్తుందా?

(కొరాపుట్ జిల్లా జయపురంలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

సభకు వచ్చిన పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

క్వాంటమ్ శూన్యం, అంటే అన్నీ తీసేశాక మిగిలే ఖాళీ నుంచి ఉచిత కరెంటు తీయొచ్చంటూ ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. అందులో సగం నిజముంది, జనం నమ్మేది అందుకే. ముందు ఆ సగం చెబుతాను.

ఒక డబ్బాలోంచి గాలి, వెలుతురు, వేడి అన్నీ తీసేసినా లోపల విద్యుదయస్కాంత క్షేత్రం, అంటే వెలుతురు అలలుగా సాగే ఆ క్షేత్రం, పూర్తిగా నిశ్చలం కాదు. రెండు లోహపు పలకలను బాగా దగ్గరగా పెడితే దీనివల్ల అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయని 1948లో డచ్ శాస్త్రవేత్త హెండ్రిక్ కాసిమిర్ లెక్కగట్టారు. 1997లో అమెరికాలో స్టీవ్ లామరో ఆ బలాన్ని కచ్చితంగా కొలిచారు.

లాక్కునే బలం ఉందంటే దానితో పని చేయించుకోవచ్చు కదా అంటారు. చేయించుకోవచ్చు, ఒక్కసారి. చదరపు మీటరు పలకలు రెండు, మచ్చలేని నునుపువి తీసుకోండి. వాటి మధ్య సందు 10 నానోమీటర్లకు, అంటే మీటరులో పది కోట్లవ వంతుకు తగ్గేదాకా రానిస్తే దక్కేది అర మిల్లీజౌలు కూడా కాదు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దానితో సెకనులో ఇరవై వేలవ వంతు సేపు వెలుగుతుంది, అంతే. రెండోసారి కావాలంటే పలకల్ని విడదీయాలి. అందుకు వచ్చినంత శక్తీ తిరిగి పెట్టాలి. ఘర్షణ ఖర్చు అదనం.

మన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి కరెంటు ఇస్తోందంటే డుడుమ జలపాతం దగ్గర నీళ్లకు దిగడానికి పల్లం ఉంది కాబట్టి. దిగిన నీళ్లను ఎండా, వానా మళ్లీ కొండెక్కిస్తున్నాయి. శూన్యానికి ఆ పల్లం లేదు. క్షేత్రానికి ఉండగల అతి తక్కువ శక్తి స్థితినే శూన్యం అంటున్నాం. అంతకన్నా దిగువ లేనిచోట టర్బైన్ ఎక్కడ పెడతాం?

2011లో స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయంలో శూన్యం నుంచి ఫోటాన్లు, అంటే కాంతి కణాలు పుట్టించిన మాట నిజమే. ఎంత చక్కని ప్రయోగమో! అయితే అద్దంలా పనిచేసే ఒక సర్క్యూట్‌ను సెకనుకు వందల కోట్ల సార్లు ఊపితే అవి వచ్చాయి. వాటి శక్తి ఆ ఊపు నుంచి వచ్చిందే.

కాబట్టి ఇలాంటి యంత్రానికి ఎవరైనా అడ్వాన్స్ అడిగితే, దయచేసి ఇవ్వకండి. పిల్లలూ, మీరు మాత్రం కాసిమిర్ బలాన్ని వదలకండి. అతి సూక్ష్మ యంత్రాల్లో భాగాలు ఒకదానికొకటి అతుక్కుపోవడంలో దానికీ పాత్ర ఉంటుంది. దాన్ని తగ్గించడం ఎలాగో ఇంజినీర్లు ఇప్పటికీ వెతుకుతున్నారు.