నిమిషానికి 80 సార్లు

వేదిక మీది పెద్దలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అందులోనే అయిపోతాయి, మన్నించాలి. డిసెంబరు 14 నుంచి ఇంధన పొదుపు వారోత్సవాలు కదా, ఇంట్లో కరెంటు లెక్క ఎట్లా వేసుకోవాలో చెప్పమన్నారు.

1000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. 2000 వాట్ల గీజరు అరగంటకే యూనిట్ తినేస్తుంది. 75 వాట్ల పాత ఫ్యానుకు అదే యూనిట్ తినడానికి 13 గంటల పైన పడుతుంది.

ఫ్యాను మాట వచ్చాక మా అమ్మ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో మా బిల్లు ఉన్నట్టుండి రెండు వేలు పెరిగింది. కడపలో మే నెల ఎట్లుంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు. "రాత్రంతా ఆ ఫ్యాను తిరుగుతుంటే బిల్లు రాక ఏమొస్తుంది?" అని అమ్మ మీద అరిచినాను. ఆమె మారు మాట్లాడలేదు. ఆ రోజు నుంచి విసనకర్రతోనే పడుకుంది.

ముప్పై ఏళ్లు ఫిజిక్స్ పాఠం చెప్పినవాణ్ణి, ఒక్క గుణకారం చేయలేదండీ! 75 వాట్లు, పది గంటలు, ముప్పావు యూనిట్. అప్పట్లో నెలకు 225 యూనిట్లు దాటినాక 400 దాకా యూనిట్ 8 రూపాయల 75 పైసలు. ఆ ధరే కట్టినా రాత్రికి ఆరున్నర రూపాయలు. మరి రెండు వేలు ఎక్కడివి?

ఒక రాత్రి మెయిన్ ఆపి మీటరు దగ్గర నిలబడినాను. ఎర్ర లైటు కొట్టుకుంటూనే ఉంది. మా మీటరు మీద 3200 అని ఉంటుంది, అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్. వాచీ చూసి లెక్కపెడితే నిమిషానికి 80. గంటకు 4800, అంటే ఒకటిన్నర యూనిట్! మా ఇల్లంతా చీకటి. తలెత్తితే పై పోర్షన్ ఏసీ గుయ్యిమంటోంది. బిగించిన ఎలక్ట్రీషియన్ మా మీటరుకూ మెయిన్‌కూ మధ్యలో వైరు కలిపిపోయినాడు. బాడుగకున్నవాళ్లకు పాపం తెలియనే తెలియదు. డబ్బు లెక్క తర్వాత తేల్చుకున్నాం, అది వేరే కథ.

మెయిన్ వేసి, నేరుగా పోయి అమ్మ గదిలో ఫ్యాను స్విచ్ నొక్కినాను.

"ఆపు నాయనా, అలవాటు తప్పింది. గాలికి నిద్ర పట్టదు" అంది.

అధ్యక్షులవారు చీటీ పంపించారు. ఫ్రిజ్జు, గ్రైండరు గురించి రాసుకొచ్చినవి ఇంక చదవను. ఈ రాత్రి మీరూ మెయిన్ ఆపి ఒక్క నిమిషం మీటరు దగ్గర నిలబడండి. మీ మీటరు మీద అంకె వేరే ఉండొచ్చు, అది చూసుకుని లెక్కపెట్టండి.