పాత సిలిండర్ ఫోనోగ్రాఫ్ చేతికొస్తే: తుడవకముందే చూడాల్సినవి

నమస్కారం. ఈ వీడియోలో బల్ల మీదున్న ఈ పెట్టెను నేను తుడవను. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే పాత మిషన్ చేతికి రాగానే ఎవరికైనా చెయ్యి గుడ్డ మీదకే పోతుంది. నాదీ అలాగే పోయింది. నా మొదటి ఫోనోగ్రాఫ్‌కి ఉన్న నంబరు ప్లేటును ఇత్తడి పాలిష్‌తో రుద్ది రుద్ది తళతళలాడించాను. మెరుపు వచ్చింది. దాంతోపాటు అక్షరాల చుట్టూ ఉన్న నల్ల రంగు ఊడిపోయింది, సగం తేదీలు చదవరాకుండా పోయాయి. ఆ మిషన్ ఎప్పటిదో చెప్పే కాగితాన్ని నా చేతులతో నేనే చింపేసుకున్నట్టయింది.

సరే, అసలు విషయంలోకి వద్దాం. గ్రామఫోన్ అనగానే మనకు గుర్తొచ్చేది పళ్లెంలాంటి రికార్డు. దానికంటే ముందు వచ్చింది ఈ గొట్టం, అదే సిలిండర్. దాన్ని ఆడించే మిషనే ఈ ఫోనోగ్రాఫ్. ఎడిసన్ 1877లో తగరపు రేకు మీద మాట పట్టాడు. ఆ తర్వాత చిచెస్టర్ బెల్, చార్లెస్ టెయింటర్ అనే ఇద్దరు మైనం వైపు దారి చూపించారు. 1888కి ఎడిసన్ కూడా మైనపు సిలిండర్‌కి వచ్చేశాడు. ఆయన కంపెనీ 1929 దాకా సిలిండర్లు తయారుచేసింది. అంటే మీ చేతికొచ్చే మిషన్ దాదాపు నలభై ఏళ్లలో ఎప్పటిదైనా కావచ్చు. ఆ మధ్యలో ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ భాగం తీసి ఏది పెట్టారో మిషన్ మీదే చూసి తెలుసుకోవాలి.

ఇది ఎడిసన్ కంపెనీ స్టాండర్డ్ అనే పేరుతో అమ్మిన మిషన్. ముందు ప్లేటు చూద్దాం, కెమెరా కాస్త దగ్గరకు తెస్తాను. ఇదిగో, మోడల్ అక్షరం, సీరియల్ నంబరు, కింద వరసగా పేటెంట్ తేదీలు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. చివరి పేటెంట్ తేదీని మిషన్ పుట్టిన తేదీ అనుకుంటారు. కాదు. ఈ మిషన్ ఆ తేదీకంటే ముందుది కాదు, అంతవరకే. ఎంత తర్వాతదో అది చెప్పదు.

తేదీలో అంకె చెరిగిపోయిందనుకోండి, 3 ఆ 8 ఆ తెలియడం లేదు. దానికో చిన్న చిట్కా ఉంది. అమెరికాలో పేటెంట్లు మంగళవారం నాడే ఇచ్చేవాళ్లు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ పేటెంట్, నంబరు 200521, 1878 ఫిబ్రవరి 19న వచ్చింది. క్యాలెండర్ తీసి చూడండి, మంగళవారమే. మీరు చదివిన తేదీ ఏ గురువారమో అయితే అంకె తప్పు చదివారన్నమాట. ఈ లెక్క కుదిరిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

ఇప్పుడు మూత ఎత్తుతున్నా. ఒకవైపుకి సన్నబడుతూ పోయే ఈ నున్నటి గొట్టం మాండ్రెల్. సిలిండర్ తొడిగేది దీనికే. పక్కనున్న సన్నటి మరల కడ్డీ ఫీడ్ స్క్రూ, సూదిని పక్కకు జరిపేది ఇదే, దీని మీద అంగుళానికి 100 మరలుంటాయి. రెండు నిమిషాల సిలిండర్ మీద గాడులు కూడా అంగుళానికి 100. 1908లో ఎడిసన్ అంబరాల్ అని నాలుగు నిమిషాల సిలిండర్ తెచ్చాడు, దాని మీద 200 గాడులు. పాట రెట్టింపు పట్టాలంటే సూది సగం వేగంతో జరగాలి కదా. రెండు రకాలూ ఆడే ఇలాంటి మిషన్లలో ఫీడ్ స్క్రూ మార్చలేదు, మాండ్రెల్ చివర ఇదిగో ఈ గేర్లు పెట్టి ఫీడ్ స్క్రూ వేగం సగం చేశారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, 1908కి ముందటి మోడల్‌కి ఈ గేర్లు కనబడితే "ఇది కలగాపులగం మిషన్, వద్దు" అని వదిలేసేవాళ్లున్నారు. తొందరపడకండి. పాత మిషన్ ఉన్నవాళ్లు కొత్త సిలిండర్లు వినడానికి ఎడిసన్ కంపెనీయే అప్పట్లో ఈ గేర్ల కిట్ అమ్మింది. హారన్ కథా అంతే. మొదట్లో స్టాండర్డ్‌తో ఇచ్చింది చిన్న బూర. పువ్వులా విచ్చుకున్న పెద్ద హారన్‌ని కంపెనీ 1907 నుంచి ఇచ్చింది. అంతకుముందు మిషన్ కొన్నవాళ్లు పెద్ద హారన్ కావాలంటే వేరేగా కొనుక్కునేవాళ్లు. కాబట్టి ఫ్యాక్టరీలో పెట్టింది, అప్పటి యజమాని మార్చింది, నిన్నగాక మొన్న ఎవరో అతికించింది, ఈ మూడూ వేరు. నాకు రెండో రకం మీద కోపం లేదు, నిజానికి ముచ్చటే. మూడోదాన్ని అసలుదని చెప్పి అమ్మితేనే చిర్రెత్తుకొస్తుంది. అక్కడో భాగం ఇక్కడో భాగం తెచ్చి కలిపిన మిషన్‌ని సేకరించేవాళ్లు ఫ్రాంకెన్‌ఫోన్ అంటారు.

మరి మూడోదాన్ని పట్టుకోవడం ఎలా? అరుగుదల చూడండి. వందేళ్లు కలిసి బతికిన భాగాలు కలిసే అరుగుతాయి. మిషనంతా నికెల్ వన్నె తగ్గి మసకబారి, కీ తిప్పే హ్యాండిల్ ఒక్కటే మెరుస్తుంటే అది కొత్తది. స్క్రూ తలలు చూడండి. నోరు పాడైన స్క్రూ కనబడితే ఎవరో విప్పారని అర్థం. హారన్ మోసే స్టాండ్ పెట్టెకు ఆనిన చోట వార్నిష్ మీద మచ్చ ఉండాలి. మచ్చ ఒకచోట, స్టాండ్ ఇంకోచోట ఉంటే అడగాల్సిన ప్రశ్న దొరికినట్టే. తుడవద్దన్నది ఇందుకే, ఈ సాక్ష్యమంతా మురికిలోనే ఉంటుంది. అన్ని వైపులా ఫొటోలు తీశాకే మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. ముందున్న బంగారు రంగు ఎడిసన్ సంతకం మీద స్పిరిట్ చుక్క పడిందా, ఇక దాన్ని ఫొటోలోనే చూసుకోవాలి.

ఇప్పుడు అన్నిటికంటే విలువైన భాగం, రిప్రొడ్యూసర్. సూదిని పట్టుకుని దాని కదలికను శబ్దంగా మార్చేది, అరచేతిలో పట్టేంత బిళ్ల. అంచు మీద అక్షరం ఉంటుంది. సి అయితే రెండు నిమిషాలకు, హెచ్ అయితే నాలుగు నిమిషాలకు, కె అయితే రెండు సూదులూ ఉండి తిప్పుకునేది. వీటి సూదులు నీలం రాయివి. భూతద్దం కింద పెట్టి దీపం కదిలిస్తూ చూడండి. మెరుపు గుండ్రంగా జారితే బాగున్నట్టు. ఒక్కచోట చదునుగా తళుక్కుమంటే సూది అరిగింది, సిలిండర్‌ని గీకేస్తుంది. లోపలి రబ్బరు రింగులు ఈపాటికి రాయిలా గట్టిపడి ఉంటాయి. గరగర శబ్దానికి సగం కారణం అదే, వాటిని మారిస్తే మిషన్ అసలుదనం ఏం పోదు. తీసిన పాతవి మాత్రం చిన్న కవర్లో వేసి తేదీ రాసి ఉంచండి. వజ్రపు సూది ఉన్న రిప్రొడ్యూసర్ దొరికితే దాన్ని మైనం మీద పొరపాటున కూడా పెట్టకండి. అది 1912లో వచ్చిన బ్లూ అంబరాల్‌ల కోసం, వాటి పైపొర సెల్యులాయిడ్.

మెయిన్ స్ప్రింగు డబ్బా మాత్రం నేను ఈ వీడియోలో విప్పను. చుట్టుకున్న స్ప్రింగు ఒక్కసారిగా విడిస్తే వేళ్లు మిగలవు. పనితెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన పని అది.

సిలిండర్ పట్టుకోవడం చూడండి. చూపుడు వేలు, మధ్య వేలు లోపలికి పెట్టి వెడల్పు చేస్తున్నా. బయట మైనానికి వేలు తగలకూడదు, చర్మం జిడ్డు దాని మీద ఉండిపోతుంది. ఈ తెల్లటి మచ్చలు దుమ్ము కాదు, బూజు. మైనాన్నే తినేస్తుంది, తుడిస్తే పోయేది కాదు. ఇక రెండు నిమిషాలదా, నాలుగా? దీపం ఏటవాలుగా పెట్టండి. గీతలు కంటికి ఆనితే రెండు, నున్నగా పట్టులా మెరిస్తే నాలుగు. నాలుగు నిమిషాల మైనం మీద సి పెడితే లావు సూది పక్క గాడిని కూడా తొక్కుతుంది, పాట పోయినట్టే. బ్లూ అంబరాల్‌ల లోపల ప్లాస్టర్ ఉంటుంది, తడి తగిలితే ఉబ్బి మాండ్రెల్‌కి ఎక్కవు. బలవంతంగా తొయ్యకండి.

పరిశోధనకి నేను మొదట వెళ్లేది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా వాళ్ల సిలిండర్ ఆర్కైవ్‌కి. పది వేలకు పైగా సిలిండర్లు ఉచితంగా వినొచ్చు. మీ సిలిండర్ అంచు మీద నంబరుంటే అక్కడ వెతకండి, ముందు అక్కడే వినండి. మీ సిలిండర్‌ని ఊరికే అరగదీయడం దేనికి? భాగాల సంగతికైతే ఎడిసన్ కంపెనీ తన డీలర్ల కోసం 1903 నుంచి వేసిన నెలవారీ పత్రిక బంగారు గని.

ఆఖరిగా వేగం. మాండ్రెల్ అంచున చిన్న కాగితం ముక్క అంటించాను. నిమిషానికి 160 చుట్లు రావాలి. నిమిషమంతా లెక్కపెడితే తప్పిపోతాం, అందుకని పదిహేను సెకన్లకు 40. పాత గోధుమరంగు మైనపువి ఇంతకంటే నెమ్మదిగా రికార్డు చేసినవి ఉంటాయి, వాటికి చెవినే నమ్మాలి. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. సరిపోయింది. ఈ మీట ఎత్తకుండా రిప్రొడ్యూసర్‌ని మోసే క్యారేజీని జరపకూడదు, కింద ఫీడ్ స్క్రూని పట్టుకునే హాఫ్ నట్ మరల మీద రాసుకుపోతుంది. ఎత్తాను, మొదటికి తెచ్చాను, మెల్లగా దించుతున్నా. ఒక్క క్షణం నేను మాట్లాడను, వినండి.