కీళ్లవాతం ఉంటే గుండెను ఎందుకు చూపించుకోవాలి

అందరికీ నమస్కారం. నా దగ్గరికి వచ్చే అమ్మలని చేతులు చూపించమంటే వెంటనే చాపుతారు, ఏ వేలు ఎప్పుడు వాచిందో, పొద్దున లేచాక పిడికిలి బిగియడానికి ఎంతసేపు పట్టిందో అన్నీ చెప్తారు. చివరిసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నారమ్మా అంటే మాత్రం పక్కనున్న కూతురి వైపు చూస్తారు. ఇవాళ నేను అడగాలనుకున్నది అదే.

కీళ్లవాతం, అదే డాక్టర్లు చెప్పే రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే వయసుతో కీళ్లు అరగడం కాదు. మన రోగనిరోధక వ్యవస్థ మన కీళ్ల పొర మీదే పడుతుంది, అప్పుడు పుట్టే టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లాంటి వాపు పుట్టించే పదార్థాలు వేళ్ల దగ్గరే ఉండిపోవు, రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతూ రక్తనాళాల లోపలి పొరను కూడా దెబ్బతీస్తాయి, అక్కడ కొవ్వు పేరుకుంటుంది. అందుకే ఈ జబ్బు ఉన్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు 1.5 రెట్లు. సిగరెట్, చుట్ట, బీడీ ఏది తాగినా రెండు జబ్బులూ ముదురుతాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. మామూలు మనిషికి మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తుంది, అనుమానం వస్తుంది. మోకాళ్లు, పాదాలు వాచిన మనిషి అసలు మెట్లెక్కితేగా! నీరసాన్ని వాతం ఖాతాలో, ఆయాసాన్ని వయసు ఖాతాలో, ఛాతీలో మంటని గ్యాస్ ఖాతాలో వేసేస్తాం. ఛాతీ బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చెమటలు వస్తే ఈనో తాగి పడుకోకండి, 108కి ఫోన్ చేయండి.

కొలెస్ట్రాల్ రిపోర్టు కూడా మోసం చేస్తుంది. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు అది తగ్గి కనిపిస్తుంది, మందులతో వాపు తగ్గాక పెరుగుతుంది. "మందు వేసుకున్నాకే పెరిగింది డాక్టరుగారూ" అని మెథోట్రెక్సేట్ అనే కీళ్లవాతం మందు మానేసినవాళ్లు ఉన్నారు. మానకండి. వారానికి ఒక్కరోజే వేసుకునే ఆ మందు, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది కానీ, చెప్పినట్టు వాడితే వాపుని అదుపులో పెడుతుంది, వాపు అదుపులో ఉంటే గుండెకీ మంచిదే.

మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే నొప్పి బిళ్లలతోనే నాకు భయం. డైక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటివి నెలల తరబడి మింగితే బీపీ పెరుగుతుంది, గుండెపోటు ముప్పు పెరుగుతుంది, కిడ్నీలూ దెబ్బతింటాయి. ఇదే తరహా మందు రోఫెకాక్సిబ్‌ని గుండెపోట్ల కారణంగానే 2004లో ప్రపంచమంతటా మార్కెట్ నుంచి తీసేశారు. స్టెరాయిడ్ బిళ్లలు కూడా అంతే, రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, ఏళ్ల తరబడి వాడితే షుగర్, బీపీ వస్తాయి. అలాగని ఇవాళ్టికివాళ ఆపేయకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

బయట బల్ల దగ్గర మా సిస్టర్ బీపీ మిషన్‌తో కూర్చున్నారు. అందరూ చూపించుకుని వెళ్లండి, సంచిలో నొప్పి బిళ్లల స్ట్రిప్ ఉంటే అది కూడా తీసి చూపించండి, నేను ఏమీ కోప్పడను.