ఉయ్యాల తాడు పట్టుకున్న ఆవిడ

పెద్దలకు నమస్కారం. కార్యదర్శి గారు నన్ను చిత్రకారుడు వాన్ గోహ్ జీవితం మీద మాట్లాడమన్నారు. జీవితమంతా నావల్ల కాదు, ఆయన వేసిన ఒక్క బొమ్మ చూపించి కూర్చుంటాను.

బాబూ, వెయ్యి. ఆఁ, అదే. కుర్చీలో ఆకుపచ్చ బట్టల్లో ఆవిడ, వెనక గోడంతా పువ్వులు, కింద ఎర్రటి నేల. మొహం తర్వాత చూద్దురుగాని, ముందు చేతులు చూడండి. తాడు! ఉయ్యాల మాత్రం బొమ్మలో ఎక్కడా లేదు. చీర ఉయ్యాల తాడు కాలి వేలికి తగిలించుకుని బియ్యం ఏరే తల్లిని చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

ఆవిడ పేరు అగస్టీన్ రూలాఁ. ఊరు ఫ్రాన్సులోని ఆర్ల్. భర్త జోసెఫ్ అక్కడి రైల్వే స్టేషన్లో తపాలా ఉద్యోగి, పెద్ద గడ్డం ఆయన. ముగ్గురు పిల్లలు. ఆఖరిది మార్సెల్, 1888 జూలై 31న పుట్టింది. బొమ్మ మొదలైంది ఆ డిసెంబరులో. అంటే చంటిదానికి ఐదు నెలలైనా నిండలేదు! ఆ పిల్లను ఇంట్లో పెట్టుకుని ఇంకొకరి ఎదుట కదలకుండా కూర్చోవడం ఎంత పనో ఇక్కడున్న అమ్మలే చెప్పాలి. అది చాలనట్టు ఆ రోజుల్లోనే వాన్ గోహ్ స్నేహితుడు, ఇంకో చిత్రకారుడు గొగాఁ కూడా ఆవిడ బొమ్మ వేశాడు.

డిసెంబరు 23 సంగతి మీకు తెలిసిందే, వాన్ గోహ్ తన చెవి తనే కోసుకున్నాడు. వాన్ గోహ్ అనగానే అందరికీ అదే. నాకు ఒళ్లు మండేదీ అక్కడే. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఆ మనిషి మళ్లీ ఈ తల్లి బొమ్మే పట్టుకున్నాడండీ! ఒకటి కాదు, మొత్తం ఐదు వేశాడు. నచ్చింది తీసుకోమంటే ఆవిడ వాటిల్లో మేలైనది ఏరుకుందని తనే ఉత్తరంలో రాశాడు. చూపున్న మనిషి.

ఐస్‌లాండ్ సముద్రంలో చేపలు పట్టేవాళ్ల గదిలో ఈ బొమ్మ ఉండాలని, పడవ ఊగుతుంటే వాళ్లకి చిన్నప్పటి లాలి గుర్తుకు రావాలని తమ్ముడు థియోకి రాశాడు. అటూ ఇటూ పొద్దుతిరుగుడు పూల బొమ్మలు, మధ్యలో ఈవిడ ఉండాలన్నాడు. ఆ పూలు మన క్యాలెండర్ల దాకా వచ్చాయి. మధ్యలో కూర్చోవాల్సిన మనిషేదీ?

చీటీ పంపారు, చూశాను. ఇంకొక్క మాట. ఒక పత్రికకు ఈ బొమ్మ గురించి వ్యాసం రాసిస్తే, అగస్టీన్ పేరున్న చోటల్లా కొట్టేసి "పోస్ట్‌మ్యాన్ భార్య" అని అచ్చేశారు. అడిగితే, పేరు పలకడం కష్టమన్నారు. గొగాఁ పేరు మాత్రం ఎలా పలికారో!

అందుకే కార్యదర్శి గారూ, మీకో మనవి. వచ్చే నెల ఈ హాల్లో పిల్లల బొమ్మలు పెడుతున్నారట. అమ్మనో, అమ్మమ్మనో కూర్చోబెట్టి గీసే పిల్లలుంటారు. గీసినవాళ్ల పేరు పక్కనే కూర్చున్నవాళ్ల పేరూ రాయించండి. "మా అమ్మ" అంటే కుదరదు, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.