కర్రెతెరా: రోడ్డు మాటలో ఎడ్లబండి

సభకు నమస్కారం.

స్పెయిన్‌లో ఊరికీ ఊరికీ మధ్య వేసిన రోడ్డును ‘కర్రెతెరా’ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే బండ్లబాట. ఈ పదాన్ని చివరి నుంచి ఒలుచుకుంటూ వద్దాం.

చివరనున్న ‘-ఎరా’, స్పానిష్‌కూ పోర్చుగీసుకూ తల్లి అయిన లాటిన్‌లోని ‘-ఆరియా’ ప్రత్యయం; ‘దానికి సంబంధించినది’ అని అర్థం. అందులోని ఇకారం రకారాన్ని దాటి ముందుకు రావడంతో ‘-ఐరా’, ఆపైన ‘-ఎయిరా’ అయింది. పోర్చుగీసు అక్కడే ఆగింది. స్పానిష్ ఇంకా కుదించి ‘-ఎరా’ చేసుకుంది. లాటిన్ ‘ప్రీమారియా’ పోర్చుగీసులో ‘ప్రిమెయిరా’, స్పానిష్‌లో ‘ప్రిమెరా’ అయినది ఈ వరసలోనే.

అది తీసేస్తే మిగిలేది ‘కర్రెతా’. అంటే ఎడ్లు లాగే పొడవాటి, ఎత్తు తక్కువ బండి. దాని అడుగుభాగమే ముందుకు సాగి నొగ అవుతుంది; కాడిని దానికే కడతారు. ఈ మాటలో అసలు సాక్ష్యం తకారమే. లాటిన్‌లో రెండు అచ్చుల నడుమ ఒంటి తకారం ఉంటే స్పానిష్‌లో దకారంగా మారుతుంది: ‘వీతా’ (జీవితం) ‘విదా’ అయింది. ద్విత్వమైతే ఒంటి తకారంగా నిలబడుతుంది: ‘గుత్తా’ (చుక్క) ‘గోతా’ అయింది. కాబట్టి ‘కర్రెతా’ వెనక ‘-ఇత్తా’ అనే ద్విత్వ ప్రత్యయం ఉండితీరాలి. చిన్నదనాన్ని చెప్పే ప్రత్యయం అది.

ఇక మిగిలింది ‘కర్రో’, లాటిన్‌లో ‘కర్రుస్’. ఇది రోమన్లు గాల్ (నేటి ఫ్రాన్స్, దాని చుట్టుపక్కల) ప్రాంతపు కెల్టు జాతుల నుంచి తెచ్చుకున్న బండి పేరు. లాటిన్, కెల్టు భాషలు రెండింటికీ మూలమైన ఇండో-యూరోపియన్‌లో పరుగును చెప్పే ధాతువు నుంచి వచ్చింది. అదే ధాతువు నుంచి రోమన్లకు సొంతంగా ‘కుర్రుస్’ (రథం) అప్పటికే ఉంది.

ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. మన ‘కర్ర’తో దీనికి చుట్టరికం లేదు, ధ్వని కలిసినంత మాత్రాన మూలం కలవదు. ఇంగ్లీషు ‘కారు’ దీనికి తల్లి కాదు. ‘కర్రుస్’ నుంచే నార్మన్ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి, అక్కడి నుంచి మనకొచ్చింది. స్పానిష్‌లోనే ఉన్న ‘కర్రెరా’ (పరుగు, వీధి) కూడా కర్రెతెరాకు మూలం కాదు, తోబుట్టువు. బండ్లు పోయే దారి అనే అర్థమున్న ‘కర్రారియా’ నుంచి నేరుగా వచ్చింది. మనం ఉద్యోగాల గురించి అనే ‘కెరీర్’ ఫ్రెంచి వైపు నుంచి ఆ ఇంటిదే.

స్పానిష్ మాట్లాడే కొలంబియా రాజధాని బొగోటా నగరంలో ఉత్తర దక్షిణాలుగా సాగే వీధులు ‘కర్రెరా’లు, వాటికి అడ్డంగా వెళ్ళేవి ‘కాయే’లు. ఈ రెండోదానికి మూలమైన లాటిన్ ‘కల్లిస్’ అంటే పశువులు తొక్కగా పడిన కొండబాట. అందులో బండి లేదు.