అంకితం కోరని ధనం: గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్‌ల తొలి పుష్కరం

సభకు నమస్కారం.

మన ప్రాచీన కావ్యాలలో కృతిభర్త లేని కావ్యం అరుదు. రాజో, మంత్రో, దండనాయకుడో ధనమిచ్చేవాడు. కవి అవతారికలో అతని వంశాన్ని వర్ణించి, షష్ఠ్యంతాలతో కృతిని అతనికి సమర్పించి, ఆశ్వాసం మారినప్పుడల్లా అతన్ని పేరుపెట్టి సంబోధించి, కన్యాదానం చేసినట్టు కావ్యాన్ని అప్పగించేవాడు. పోతన వంటివారు నరాంకితాన్ని కాదన్నారు, నిజమే. కానీ అలా కాదనడాన్ని మనం ఇన్ని వందల ఏళ్ళుగా కథలుగా చెప్పుకుంటున్నామంటే, ఒప్పుకోవడమే రివాజుగా ఉండేదని అర్థం. ఈ నేపథ్యం మనసులో ఉంచుకుని, 1925లో అమెరికాలో మొదలైన గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్‌లను, అంటే రచయితలూ కళాకారులూ శాస్త్రవేత్తలూ తమ పని తాము చేసుకోవడానికి ధనమిచ్చే ఏర్పాటును, మీ ముందు పరిశీలించదలచుకున్నాను. ధనమిచ్చినవాడు కృతి పుచ్చుకోకుండా పక్కకు తప్పుకుంటే ఏమవుతుందన్నది నా ప్రశ్న. మొదటి పన్నెండేళ్ళకే, అంటే ఒక పుష్కర కాలానికే పరిమితమవుతాను.

సైమన్ గుగ్గెన్‌హైమ్ గనులూ లోహాల కొలుములూ నడిపిన కుటుంబంలోని ఏడుగురు అన్నదమ్ములలో ఒకరు. 1907 నుంచి 1913 వరకు కొలరాడో రాష్ట్రం తరఫున అమెరికా సెనేట్‌లో సభ్యుడు. ఆయన పెద్ద కొడుకు జాన్ సైమన్, కళాశాలలో చేరవలసిన ఏడు, 1922 ఏప్రిల్ 26న, పదిహేడేళ్ళ వయసులో చనిపోయాడు. చెవి వెనుక ఎముకకు సోకిన వ్యాధి, దానికి తోడు న్యుమోనియా. పెనిసిలిన్ రావడానికి ఇంకా ఎంతో కాలం ఉంది. దేశంలోకెల్లా సంపన్న కుటుంబాలలో ఒకటి ఆ పిల్లవాణ్ణి కాపాడుకోలేకపోయింది. మూడేళ్ళ తరువాత తల్లి ఓల్గా, తండ్రి సైమన్ కలిసి 30 లక్షల డాలర్ల మూలధనంతో కొడుకు పేరిట ఒక ఫౌండేషన్ స్థాపించారు. మన లెక్కలో చూస్తే ఇది తిరగబడిన అంకితం. కృతులు రాసేది ఎవరో, అంకితం ముందుగానే పుచ్చుకున్నవాడు మాత్రం చనిపోయిన ఆ కుర్రవాడు.

నిబంధనలు రూపొందించడంలో స్వార్త్‌మోర్ కళాశాల అధ్యక్షుడు ఫ్రాంక్ ఐడెలాట్ తోడ్పడ్డారు. రోజువారీ నిర్వహణ హెన్రీ ఆలెన్ మో చేతికి వచ్చి, 1963 దాకా ఆయన చేతిలోనే ఉంది. వీళ్ళిద్దరూ రోడ్స్ స్కాలర్‌షిప్‌తో ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చినవారే. కొత్త ఏర్పాటును రోడ్స్ పద్ధతి పక్కన పెట్టి చూస్తే, వాళ్ళు దేన్ని కావాలని వదిలిపెట్టారో బాగా తెలుస్తుంది. రోడ్స్ ధనం ఒకే విశ్వవిద్యాలయానికి పంపేది. 1977 దాకా స్త్రీలకు అందులో చోటే లేదు. గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ స్త్రీపురుషులకు ఇద్దరికీ, పెళ్ళయినవారికీ కానివారికీ, జాతి, రంగు, మతం చూడకుండా ఇస్తామని మొదటి ప్రకటనలోనే చెప్పారు. అది 1925వ సంవత్సరమనీ, ఆ దేశపు దక్షిణ రాష్ట్రాలలో నల్లవారికి ఓటు వేసే అవకాశం ఆచరణలో లేదనీ గుర్తు పెట్టుకుంటే ఆ వాక్యం బరువు తెలుస్తుంది. తొలి ఏడాది ఎంపికైన పదిహేను మందిలో ఐజాక్ ఫిషర్ అనే నల్లజాతి విద్యావేత్త ఉన్నారు. స్వరకర్త ఏరన్ కోప్లండ్ ఉన్నారు.

ఇచ్చేది సాధారణంగా ఏడాదికి 2,500 డాలర్లు. తొలినాళ్ళలో ఆ డబ్బుతో విదేశానికి వెళ్ళి పనిచేయాలన్నది ఉద్దేశం. ఇందులో ఆదర్శం ఎంతో ఉంది, అయితే లెక్క కూడా కలిసివచ్చింది. 1926 వేసవిలో ఫ్రాంకు పతనమై డాలరుకు దాదాపు 50 ఫ్రాంకులు పలికాయి. న్యూయార్క్‌లో అద్దెకూ పాలకూ చాలీచాలని సొమ్ము పారిస్‌లో ఒక సంసారాన్ని నడిపేది. కవి స్టీఫెన్ విన్సెంట్ బెనే ఈ ఫెలోషిప్‌తో భార్యాబిడ్డలతో అక్కడికి వెళ్ళి, అమెరికా అంతర్యుద్ధం మీద ఒక దీర్ఘకావ్యం రాశాడు. 1928లో అచ్చయి, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి పొందిన ఆ కావ్యం పేరు ‘జాన్ బ్రౌన్స్ బాడీ’. స్వదేశపు యుద్ధాన్ని రాయడానికి పరదేశపు చవకబారు అద్దె ఇల్లు కావలసివచ్చిందన్నమాట.

శాస్త్రవేత్తల సంగతి మరికొంత ఆసక్తికరం. 1926లో ఫెలోషిప్ అందుకునేనాటికి రసాయనశాస్త్రవేత్త లైనస్ పాలింగ్‌కు పాతికేళ్ళు. క్వాంటం సిద్ధాంతం యూరప్‌లో రూపుదిద్దుకుంటున్న ఆ నెలలలోనే ఆయన మ్యూనిక్‌లో భౌతికశాస్త్రవేత్త జోమర్‌ఫెల్ట్ దగ్గర చేరి, తరువాత కోపెన్‌హాగెన్, జ్యూరిక్ నగరాలు కూడా చూసి, తిరిగి వెళ్ళి రసాయన బంధాన్ని కొత్త భౌతికశాస్త్రంతో వివరించాడు. దాని తొలి వ్యాసం 1931లో, గ్రంథం 1939లో, నోబెల్ 1954లో వచ్చాయి. ఏడాదిన్నర ఖర్చు పండడానికి పట్టిన కాలాన్ని మీరే లెక్కవేసుకోండి. ఏ ఆడిటరూ అంత కాలం ఆగడు. పాలింగ్ వెళ్ళడం వెనుక ఒక చిన్న రాజకీయం కూడా ఉంది. ఆయన విభాగాధిపతి నోయెస్, ఈ ప్రతిభావంతుడు ఎక్కడ బర్కిలీ విశ్వవిద్యాలయానికి జారిపోతాడోనన్న దిగులుతో, యూరప్‌కు త్వరగా బయలుదేరమని పట్టుపట్టాడట. విద్యాసంస్థల మధ్య ఈ లాగుడు వ్యవహారం మనకూ కొత్త కాదు.

ఇదే తరుణంలో, ఇదే ఫెలోషిప్‌తో, భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్ యూరప్‌ను వదిలి మన ఉపఖండం వైపు వచ్చాడు. 1926-27లో లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక ఉపన్యాసకుడిగా పనిచేశాడు. 1927లోనే ఆయనకు మరో భౌతికశాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మొక్కజొన్న క్రోమోజోములు చదివిన బార్బరా మెక్‌క్లింటాక్ కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1933లో ఆమె జర్మనీ చేరుకునేసరికి, తాను కలిసి పనిచేద్దామనుకున్న యూదు శాస్త్రవేత్త కర్ట్ స్టెర్న్ అప్పటికే దేశం విడిచి వెళ్ళాడు. నాజీల పాలన మొదలైన ఆ వాతావరణంలో నిలవలేక ఆమె గడువు తీరకముందే వెనుదిరిగింది. విదేశంలో ఏడాది గడిపితే దేశాల మధ్య అవగాహన పెరుగుతుందన్న స్థాపకుల నమ్మకానికి ఆ ఏడు ఎదురైన పరీక్ష అది.

ఇక నా ప్రశ్నకు వస్తాను. వాల్టర్ వైట్ నల్లజాతీయుల హక్కుల సంఘంలో పనిచేస్తూ, శ్వేతజాతి మూకలు చేసిన హత్యలను స్వయంగా విచారించినవాడు. నవల రాస్తానని ఫెలోషిప్ తీసుకుని 1927లో కుటుంబంతో ఫ్రాన్స్ వెళ్ళాడు. నవల కుదరలేదు. దాని బదులు ఆ మూకహత్యల మూలకారణాలపై ‘రోప్ అండ్ ఫాగట్’ అనే అధ్యయనం రాసి 1929లో ప్రచురించాడు. ఒప్పందం ప్రకారం బొమ్మ గీయమంటే గోడ కట్టినట్టయింది. అయినా ఎవరూ డబ్బు వెనక్కి అడగలేదు. దాదాపు పదేళ్ళ తరువాత నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ విషయమూ ఇంతే. కరీబియన్ దీవులలో జానపద విశ్వాసాలను పరిశీలించడానికి 1936లో వెళ్ళిన ఆమె, హైతీలో ఉండగా ఏడు వారాలలో ఒక నవల పూర్తిచేసింది. ఈనాడు ఆమెను ఎక్కువమంది గుర్తుపెట్టుకున్నది ఆ నవల వల్లనే.

ఇలా చెప్పుకుంటూ పోతే, స్వేచ్ఛ ఇస్తే చాలు ఫలం దానంతటదే వస్తుందనిపించవచ్చు. కానీ కవి హార్ట్ క్రేన్ పేరు చెప్పకుండా వదిలితే అది అబద్ధమవుతుంది. 1931లో ఆయన స్పానిష్ వారు మెక్సికోను జయించిన ఇతివృత్తంతో మహాకావ్యం రాస్తానని ఆ దేశానికి వెళ్ళాడు. తాగుడూ తగాదాలతో ఏడాది గడిచింది. 1932 ఏప్రిల్ 27న, తిరుగు ప్రయాణంలో, ఒరిజాబా అనే ఓడ మీద నుంచి సముద్రంలోకి దూకి చనిపోయాడు. మహాకావ్యం లేదు. ఆయనకు ఆ ధనం ఇవ్వకూడదనే వాదనతో నేను ఏకీభవించలేను. మంచి సిఫారసు లేఖలు తెచ్చుకున్న ప్రతి దరఖాస్తులోనూ ఇంత అపాయం దాగి ఉంటుంది. దాన్ని భరించలేని దాత చేయగలిగింది పూర్తయిన పుస్తకాలకు బహుమతులివ్వడం మాత్రమే.

నాకున్న అభ్యంతరాలు వేరు. తలుపు అందరికీ తెరిచామని ప్రకటించినా, ఏది కళ అన్న నిర్ణయం నిర్వాహకుల చేతిలోనే మిగిలింది. సంగీత రచనకు తొలి స్త్రీ రూత్ క్రాఫర్డ్ 1930లో, నృత్యానికి తొలి వ్యక్తి మార్తా గ్రాహమ్ 1932లో, ఛాయాచిత్రకళకు ఎడ్వర్డ్ వెస్టన్ 1937లో గానీ రాలేదు. వెస్టన్ మొదట నాలుగు ముక్కలలో దరఖాస్తు రాసి పంపితే, అది చాలదని మిత్రులు హెచ్చరించాక, ఆయన సహచరి షారిస్ విల్సన్ కూర్చుని దాన్ని కొన్ని పుటలకు పెంచి రాసింది. కెమెరా పట్టే మనిషికి కూడా ఫలితం కలం పట్టినవారి చేతిలోనే ఉంది. రెండవది, ఆ సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్న. ఆ కుటుంబం చిలీలోని చుకికమాటా రాగి గనిని 1923లో అనకొండా కంపెనీకి అమ్మింది. 1929లో సైమన్ దంపతులు మరో 10 లక్షల డాలర్లు చేర్చి లాటిన్ అమెరికా వారికి ఫెలోషిప్‌లు తెరిచినప్పుడు, ఆ నేల నుంచి వచ్చిన సంపదలో కొంత ఆ నేలకే తిరిగి వెళ్ళింది. అది ఎంత కొద్దిభాగమో ఎవరికైనా ఊహించగలిగేదే.

మూడవది మనకు దగ్గరి విషయం. భీమవరంలో పుట్టిన వైద్యశాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల దశకంలోనే బోస్టన్ చేరాడు. దారిఖర్చుకు ఆసరా అయినవి కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి, మామగారి సాయం. అక్కడ చదువు సాగడానికి ఆయన రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రం చేశాడు. అమెరికా పౌరుడు కాని అలాంటి మనిషికి గుగ్గెన్‌హైమ్ తలుపు తట్టే వీలే లేదు.

చివరిగా ఒక శిల్పి. ఇసాము నోగుచి తండ్రి జపాన్ కవి, తల్లి అమెరికన్. ఇరవై రెండేళ్ళ వయసులో చేసిన దరఖాస్తులో, మొదట పారిస్‌లో శిల్పం నేర్చి, ఆపైన భారతదేశం మీదుగా తూర్పు దేశాలు చూస్తానని రాశాడు. 1927లో ఫెలోషిప్ వచ్చింది. పారిస్‌లో శిల్పి బ్రాంకూసి పనిశాలలో కుదిరాడు. గురువుకు ఇంగ్లీషు రాదు, శిష్యుడికి ఫ్రెంచ్ రాదు. కళ్ళతో, చేతులతో, పనిముట్లతో పాఠం నడిచింది. రాయి చెక్కడం నేర్చుకోవడంలోనే రోజులు గడిచాయి, ప్రయాణం వెనకబడింది. మూడో ఏడాదికి పొడిగించమని అడిగితే ఫౌండేషన్ ఒప్పుకోలేదు. 1929లో ఆయన న్యూయార్క్ తిరిగి వెళ్ళాడు. దరఖాస్తులో రాసిన భారతదేశాన్ని ఆయన చూసింది 1949 తరువాతే, అదీ బోలింగెన్ ఫౌండేషన్ ఇచ్చిన మరో ఫెలోషిప్‌తో.